బుగ్గ అంటే చెంప ఒక్కటేనా? బుడబుడమనే నీళ్ల మాట వెనక కథ

ఈరోజు టాపిక్‌లోకి వెళ్లే ముందు ఒక్క పది సెకన్లు ఈ సౌండ్ వినండి. ఇయర్‌ఫోన్స్ ఉంటే పెట్టుకోండి.

(నీళ్లు బుడబుడమని పైకి పొంగుతున్న చప్పుడు)

విన్నారు కదా. ఇది నేను ఒక ఊట దగ్గర కూర్చుని ఫోన్‌లో రికార్డ్ చేసింది. కుళాయి కాదు, మోటారు కాదు. భూమిలోంచి నీళ్లు వాటంతట అవే ఇసకని కదిలించుకుంటూ పైకి వస్తున్నాయి. ఇలా నీళ్లు పొంగే చోటుకి తెలుగులో ఒక పేరుంది. మీ అందరికీ తెలిసిన పేరే. బుగ్గ.

"బుగ్గ అంటే చెంప కదా అన్నా" అంటారు మీరు. అవును, చెంపే. కానీ చిన్నప్పుడు సోషల్ పుస్తకంలో "వేడినీటి బుగ్గలు" అని చదివారు, గుర్తుందా? అక్కడ చెంపలు ఎక్కడివి? తెలంగాణలో జాతరకి పోతే పిల్లలకి కొనిచ్చే బెలూన్‌ని కూడా బుగ్గ అనే అంటారు. ఇంట్లో లైటు పోతే "కరెంటు బుగ్గ కాలిపోయింది" అంటారు. మంత్రిగారి కారు మీద తిరిగే లైటు చూసి పేపర్లవాళ్లు "బుగ్గ కారు" అని రాశారు. 2017 మే 1 నుంచి ఆ ఎర్రబుగ్గలు తీసేయాలని కేంద్రం నిర్ణయించాక కార్ల మీద బుగ్గ పోయింది గానీ, మాట మాత్రం పోలేదు.

ఒకే మాట. ఊట, చెంప, బెలూన్, బల్బు, చివరికి మంత్రి కారు. ఈ ఎపిసోడ్ ఆ మాట గురించే. ఇది సరదా టాపిక్‌లా కనిపిస్తుంది. చివరికి వచ్చేసరికి అంత సరదాగా ఉండదు, ముందే చెబుతున్నా.

అసలు నాకు ఈ మాట మీద పట్టు ఎందుకు పడిందో చెప్తాను. మా అమ్మమ్మ వాళ్ల ఊరు రాయలసీమలో ఒక చిన్న పల్లె. ఆ ఊళ్లో ఒక చేను దగ్గర జాగాని "బుగ్గకాడ" అంటారు. "ఎనుములు బుగ్గకాడ మేస్తాండాయి", "బుగ్గకాడికి పోయొస్తా". చిన్నప్పటి నుంచి వింటున్నా. నేను అదేదో మనిషి పేరు అనుకున్నా. ఇంటర్ సెలవుల్లో ఒకసారి అడిగాను, "ఏమవ్వా, బుగ్గకాడ బుగ్గకాడ అంటారే, బుగ్గ ఏదీ?" అని. అవ్వ నవ్వింది. "నీళ్ల బుగ్గ నాయనా. బుడబుడమని ఎండాకాలం గూడా పొంగుతాండె. మేము కడవలు ముంచుకుంటాంటిమి. బోర్లు పడినంక ఎండిపాయ. పేరొకటే మిగిలింది" అంది.

అక్కడికి వెళ్లి చూస్తే నాలుగు రాళ్లు, కంపచెట్లు. చుక్క నీరు లేదు. ఆ రోజు నాకు అర్థమైంది ఏంటంటే, మాటల్లో కొన్ని అడ్రసులు దాక్కుని ఉంటాయి. నీళ్లు పోయినా అడ్రసు చెరిగిపోదు.

సరే, ఇప్పుడు చప్పుడు దగ్గరికి వద్దాం.

నీళ్ల చప్పుళ్లకి మన తెలుగులో ఎన్ని మాటలున్నాయో ఎప్పుడైనా లెక్కపెట్టారా? చిన్న వాగు రాళ్ల మీద పారితే గలగల. ఇరుకు మూతి చెంబుని నీళ్లలో ముంచితే గుడగుడ. అదే చెంబు చేజారి ఒక్కసారిగా మునిగితే బుడుంగు. పొయ్యి మీద నీళ్లు కాగితే సలసల. అన్నం ఉడికితే కుతకుత, తెలంగాణ ఇళ్లలో తుకతుక. దాహంతో తాగితే గటగట. ఊట పొంగితే బుడబుడ.

ఇవి ఒకదాని బదులు ఒకటి వాడితే మన చెవి ఒప్పుకోదు. "వాగు కుతకుత పారుతోంది" అనండి, ఎవరైనా నవ్వుతారు. చదువు లేని మనిషి కూడా ఇందులో తప్పు చేయడు. ఎందుకంటే ఇవి డిక్షనరీలో చూసి నేర్చుకున్న మాటలు కావు, చెవితో నేర్చుకున్నవి.

ఇంకో చిన్న సంగతి గమనించండి. బుడుంగు అన్నది ఒక్కసారే జరిగే పని. రాయి పడింది, మునిగింది, అయిపోయింది. బుడబుడ అంటే ఆగకుండా జరుగుతూనే ఉంది అని. మాటని రెండుసార్లు అనడంలోనే "ఇది సాగుతోంది" అన్న అర్థం వచ్చేసింది. దానికి వేరే వ్యాకరణం అక్కర్లేదు. మన పండితులు వీటిని ధ్వన్యనుకరణ పదాలు అంటారు, అంటే చప్పుడుని అనుకరించే మాటలు.

మరి నీళ్లు అసలు ఎందుకు చప్పుడు చేస్తాయి? దీనికి సమాధానం వింటే మీకు భలే అనిపిస్తుంది. చప్పుడు చేసేది ఎక్కువగా నీళ్లు కాదు, నీళ్లలో చిక్కుకున్న గాలి. మార్సెల్ మిన్నార్ట్ అని ఒక శాస్త్రవేత్త, బెల్జియంలో పుట్టి నెదర్లాండ్స్‌లో పనిచేశాడు. అసలు ఆయన సబ్జెక్టు సూర్యుడు, నక్షత్రాలు. కానీ 1933లో నీటి బుడగలు చేసే సంగీతం మీద ఒక పేపర్ రాశాడు. ఆయన చెప్పింది సింపుల్. నీళ్లలో గాలి బుడగ పుట్టగానే అది ఒక స్ప్రింగులా కుంచించుకుని, వ్యాకోచించి, వణుకుతుంది. ఆ వణుకే మనకి చప్పుడుగా వినిపిస్తుంది. బుడగ ఎంత చిన్నదైతే చప్పుడు అంత సన్నగా, ఎంత పెద్దదైతే అంత బొంగురుగా ఉంటుంది.

లెక్క కూడా ఇచ్చాడు. ఒక మిల్లీమీటర్ వ్యాసార్ధం ఉన్న బుడగ సెకనుకి దాదాపు 3300 సార్లు వణుకుతుంది. అది సన్నటి చప్పుడు. ఒక సెంటీమీటర్ వ్యాసార్ధం ఉంటే సెకనుకి దాదాపు 330 సార్లే. అది బరువైన చప్పుడు.

ఇప్పుడు మళ్లీ మన మాటలు నోట్లో అనుకుని చూడండి. గలగల. బుడబుడ. రాళ్ల మీద చిట్లే సన్న బుడగలకి "గల" అని తేలిక మాట. భూమిలోంచి తన్నుకొచ్చే లావు బుడగలకి "బుడ" అని బొద్దు మాట. మిన్నార్ట్ పరికరాలతో, లెక్కలతో పట్టుకున్న తేడాని మనవాళ్లు చెవితో ఎప్పుడో పట్టుకుని పేర్లు పెట్టేశారు. ఇది "మనవాళ్లకి అన్నీ ముందే తెలుసు" అనే టైపు మాట కాదు. మనవాళ్లకి ఫార్ములా తెలీదు. తేడా తెలుసు. అది చాలు.

ఇక పుట్టుక సంగతి. బుడబుడ, బుడగ, బుగ్గ, అన్నిట్లో "బు" ఉంది. సంస్కృతంలో బుడగని బుద్బుదం అంటారు. పాళీలో బుబ్బుల. హిందీలో బుల్‌బులా. కన్నడలో ఊటని బుగ్గె అంటారు, అచ్చం మనలాగే. ఇంగ్లీషులో బబుల్. జపాన్ వాళ్లు బుడగలు వచ్చే చప్పుడుని బుకుబుకు అంటారు. ఇదంతా విని "చూశారా, ప్రపంచ భాషలన్నీ మన భాషలోంచే వచ్చాయి" అని ఎవరైనా వాట్సాప్‌లో పంపిస్తే నమ్మకండి. జపాన్ వాడు మన దగ్గర అప్పు తీసుకోలేదు, మనం ఇంగ్లీషు వాడి దగ్గర తీసుకోలేదు. అందరికీ పెదాలున్నాయి, అందరికీ బుగ్గలున్నాయి, అంతే.

ఒక్కసారి "బు" అని చూడండి. ముందు పెదాలు మూసుకుంటాయి. నోట్లో గాలి నిండుతుంది. తర్వాత ఆ గాలి పెదాలు తోసుకుని బయటికి వస్తుంది. బుడగ చేసే పని కూడా అదే. గాలి నిండుతుంది, ఉబ్బుతుంది, పగులుతుంది. అంటే మన నోరు ఆ నీళ్లని యాక్ట్ చేసి చూపిస్తోంది.

అలాగని అన్ని భాషలూ చెవితోనే పేరు పెట్టవు. తమిళంలో బుడగని కుమిళి అంటారు. అందులో బుడబుడ లేదు. ఒకరు చప్పుడు విని పేరు పెడతారు, ఇంకొకరు గుండ్రటి ఆకారం చూసి పేరు పెడతారు.

ఇక్కడ భాషాశాస్త్రం చెప్పే ఒక ముఖ్యమైన విషయం ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి గారి పేరు వినే ఉంటారు. ద్రావిడ భాషల మీద ప్రపంచం గౌరవించిన తెలుగు పండితుడు. తెలుగు, తమిళం, కన్నడం, గోండి, వీటన్నిటికీ తల్లి అయిన మూలద్రావిడ భాషలో మాట మొదట్లో బ, డ, గ లాంటి శబ్దాలు ఉండేవి కావని ఆయన 2003లో వచ్చిన తన పెద్ద పుస్తకంలో వివరించారు. అప్పట్లో మాట మొదట ప, త, క లాంటివే ఉండేవి. మరి అచ్చ తెలుగు మాట ఏదైనా "బ"తో మొదలైతే దానికి దారులు ముఖ్యంగా రెండు. ఒకటి, పాత "ప" కాలక్రమంలో "బ" అయ్యుండాలి. రెండు, చప్పుడుని అనుకరిస్తూ కొత్తగా పుట్టి ఉండాలి.

బుగ్గకి ఈ రెండు దారులూ కనిపిస్తాయి. చెంప వైపు చూడండి. నోట్లో నీళ్లు పోసుకుని చెంపలు ఉబ్బించి గరగర ఉమ్మేస్తే పుక్కిలించడం అంటాం. నోట్లో పట్టుకుంటే పుక్కిట పట్టడం అంటాం. ఉబ్బిన చెంపకి "పు"తో మాటలు మనకి ముందే ఉన్నాయి. కాలిన చోట లేచే పొక్కు, పాల పొంగు, ఇవి కూడా ఉబ్బేవే, "ప"తోనే మొదలయ్యేవే. ఇటు నీళ్ల వైపు చూస్తే బుడబుడ ఉంది, బుడగ ఉంది. నా వాదన ఏంటంటే, బుగ్గ ఈ రెండు దారులు కలిసే చోట నిలబడిన మాట. కంటికి ఉబ్బు, చెవికి బుడబుడ. అందుకే ఊటకీ సరిపోయింది, చెంపకీ సరిపోయింది. తర్వాత బెలూన్ వస్తే దానికీ, గుండ్రటి గాజు బల్బు వస్తే దానికీ సరిపోయింది. కొత్త వస్తువు వచ్చినప్పుడల్లా మనవాళ్లు కొత్త మాట కోసం వెతుక్కోలేదు, ఊట దగ్గరి మాటే తెచ్చి పెట్టారు.

ఇంకో పేరు కూడా చెప్పాలి. మర్రే ఎమెనో అని భారతీయ భాషల మీద జీవితమంతా పనిచేసిన పండితుడు. 1969లో ఆయన సరిగ్గా ఈ చప్పుడు మాటల మీదే ఒక వ్యాసం రాశాడు. భారతదేశంలో ద్రావిడ భాషలూ, ఆర్య భాషలూ పుట్టుక రీత్యా వేరైనా, ఇలాంటి జంట చప్పుడు మాటలు వాడే అలవాటు మాత్రం అందరికీ ఉమ్మడి ఆస్తి అని చూపించాడు. పక్కపక్కన బతికితే ఒకరి చెవి ఇంకొకరికి వస్తుంది.

సరే, ఇప్పుడు పుస్తకాలు మూసి ఊళ్లలోకి వెళ్దాం.

సి.పి. బ్రౌన్ 1852లో అచ్చువేసిన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువులో బుగ్గకి చెంప, నీటి ఊట రెండు అర్థాలూ ఉన్నాయి. బ్రౌన్ తన ఉద్యోగంలో భాగంగా 1820లో కడపకి వచ్చాడు, తర్వాత అక్కడే ఇల్లు కొని పండితులని పెట్టుకుని తెలుగు పుస్తకాలు వెతికించి రాయించాడు. ఆ కడప ఊరి మధ్యలోంచి పారే వాగు పేరేంటో తెలుసా? బుగ్గవంక. వంక అంటే సీమలో వాగు. బుగ్గల నీళ్లు పారే వంక. నిఘంటువులో ఆ అర్థం కోసం ఆయన దూరం పోవాల్సిన పని లేదు.

కడప నుంచి తాడిపత్రి వెళ్దాం. పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వర స్వామి గుడి ఉంది. విజయనగర కాలంలో పెమ్మసాని నాయకులు కట్టించింది. గోపురాలు పూర్తికాలేదు, కానీ చెక్కిన పని మాత్రం అద్భుతం. చాలామంది ఆ శిల్పాల ముందు రీల్స్ తీసుకుని వచ్చేస్తారు. లోపల స్వామి పేరు ముందు "బుగ్గ" ఎందుకుందో అడగరు. అక్కడ లింగం దగ్గర నీరు ఊరుతూ ఉంటుంది. దేవుడి పేరే ఆ ఊట పేరు.

కర్నూలు జిల్లా ఓర్వకల్లు మండలంలో కాల్వబుగ్గ ఉంది, అక్కడా శివాలయం, అక్కడా ఊట. నంద్యాల దగ్గర మహానంది కోనేరు చూసే ఉంటారు. అడుగున పడ్డ రూపాయి బిళ్ల కూడా కనిపించేంత తేట నీరు. ఆ నీళ్లు గుడి దాటి చుట్టూ ఉన్న అరటి తోటలకీ, పొలాలకీ వెళ్తాయి, 2000 ఎకరాలకి పైగా పారుతుందని చెబుతారు. తెలంగాణలో బెల్లంపల్లి దగ్గర బుగ్గ రాజరాజేశ్వర స్వామి, రంగారెడ్డి జిల్లా ఆరుట్ల దగ్గర బుగ్గ రామలింగేశ్వర స్వామి. కార్తీకంలో ఆరుట్లలో జరిగేదాన్ని బుగ్గ జాతర అనే అంటారు. నీళ్లు పుట్టిన చోట దేవుణ్ణి పెట్టారు. అంటే ఆ నీళ్లని ఎవరూ పాడు చేయకుండా కాపలా పెట్టారన్నమాట.

మరి కడప, తాడిపత్రి, నంద్యాల, కర్నూలు, ఈ చుట్టుపక్కలే ఇన్ని బుగ్గలు ఎందుకు? మీ ఇంట్లో నాపరాళ్లు పరిచి ఉంటే కిందకి చూడండి. బేతంచెర్ల, తాడిపత్రి నుంచి వచ్చే ఆ నాపరాయి సున్నపురాయి జాతి. వాన నీరు గాలిలోంచి, మట్టిలోంచి కార్బన్ డయాక్సైడ్ కలుపుకుని కొంచెం పుల్లగా మారుతుంది. ఆ నీరు సున్నపురాయిని వేల, లక్షల ఏళ్ల పాటు కరిగిస్తే లోపల సందులు, సొరంగాలు పడతాయి. దానికి పెద్ద సాక్ష్యం బెలూం గుహలు. తాడిపత్రికి దగ్గర్లోనే. 3229 మీటర్ల పొడవు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ వీటి గురించి రాశాడు, 1980ల మొదట్లో జర్మన్ బృందం వచ్చి లోపలంతా కొలిచింది. ఆ గుహల్లో అన్నిటికంటే లోతైన చోట ఒక సన్నటి నీటి పాయ పారుతుంది. దాని పేరు పాతాళగంగ.

సీమ అంటే కరువు అనుకుంటాం కదా. కానీ ఈ సున్నపురాయి చోట్ల నేల కింద కొంత నీరు ఉంటుంది. కొండల మీద పడ్డ వాన రాళ్ల సందుల్లోకి దిగి, కింద ఒత్తిడి పెరిగి, ఎక్కడ దారి దొరికితే అక్కడ బుడబుడమని పైకి వస్తుంది. ఆ దారి పేరే బుగ్గ.

ఇప్పుడు ముందే చెప్పిన సరదా లేని భాగం.

బుగ్గ పొంగాలంటే నేల కింద నీటి మట్టం ఆ బుగ్గ నోటి కంటే పైన ఉండాలి. అంతే సూత్రం. చుట్టూ బోర్లు పడి ఆ మట్టం కాస్త కిందకి దిగిందనుకోండి, అన్నిటికంటే ముందు ఆగేది బుగ్గ. తర్వాత బావులు. ఆ తర్వాత తక్కువ లోతు బోర్లు. అంటే బుగ్గ మనకి మొదటి వార్నింగ్. మా అవ్వ ఊళ్లో ఆ వార్నింగ్ వచ్చింది. ఎవరూ వినలేదు. బుగ్గ ఆగిపోతే "పోతే పోనీలే, బోరు ఉంది కదా" అనుకున్నారు. తర్వాత బోర్లు కూడా ఎండాయి. బోర్ల మీద అదుపు కోసం 2002లో వాల్టా చట్టం వచ్చింది. చట్టం ఉంది. కానీ బుగ్గ ఎక్కడుందో గుర్తే లేకపోతే చట్టం దేన్ని కాపాడుతుంది?

ఇంకోవైపు కూడా చూడండి. కొన్నేళ్ల కింద కడపలో భారీ వానలు పడ్డాయి. బుగ్గవంక పొంగి కాలనీల్లోకి వచ్చింది. అప్పటిదాకా చాలామందికి అది మురుగు పారే కాలువ. ఆ ఒక్క రాత్రి అది తన పేరు గుర్తు చేసింది. ఎండిపోయినా, ఉప్పొంగినా, పేరు మనకి ముందే చెబుతూనే ఉంది, ఇక్కడ నీళ్ల దారి ఉంది అని. మనం ఆ పేరు వింటాం, అర్థం వినం.

ఆమధ్య మా మేనకోడలికి ఆ రికార్డింగ్ వినిపించి "ఇది ఏ చప్పుడు?" అని అడిగాను. "వాటర్ క్యాన్ డిస్పెన్సర్ మామా" అంది. నిజమే, ఇరవై లీటర్ల క్యాన్‌లో గాలి బుడగ పైకి పోయేటప్పుడు అదే బుడబుడ. తన తప్పేం లేదు. తనకి తెలిసిన బుగ్గ అదొక్కటే. మా అవ్వకి భూమిలోంచి వినిపించిన చప్పుడు, మూడు తరాలు తిరిగేసరికి కొనుక్కున్న క్యాన్‌లోంచి వినిపిస్తోంది. బుడబుడ అన్న మాట మిగిలింది, చప్పుడు కూడా మిగిలింది. బుగ్గ పోయింది.

అందుకే మీకో చిన్న పని. ఈసారి పండక్కి ఊరెళ్లినప్పుడు ఇంట్లో పెద్దవాళ్లని ఒక్క ప్రశ్న అడగండి: "మన ఊళ్లో బుగ్గ ఎక్కడుండేది?" బుగ్గ అంటే తెలియకపోతే ఊట అని అడగండి, చెలమ అని అడగండి. వాళ్లు చూపించిన చోటికి వెళ్లి ఫోన్‌లో లొకేషన్ సేవ్ చేసుకోండి. ఇంకా నీళ్లుంటే చప్పుడు రికార్డ్ చేయండి. లేకపోతే ఆ పేరైనా రాసి పెట్టుకోండి. రేపు ఎవరైనా ఆ ఊళ్లో వాన నీళ్లు ఇంకించే గుంతలు తవ్వాలనుకుంటే, ఎక్కడ మొదలుపెట్టాలో ఆ పేరే చెబుతుంది.

నేను మా అవ్వ ఊళ్లో "బుగ్గకాడ" అన్న చోటుని మ్యాప్‌లో గుర్తు పెట్టుకున్నాను. ఇప్పటికి అక్కడ నాలుగు రాళ్లే ఉన్నాయి. మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో "చెలమ" గురించి మాట్లాడుకుందాం. అప్పటిదాకా ఉంటాను, నమస్తే.